దిబ్బ మీద ఎర్ర చున్నీ

మనసు కుదుటపడాలని వ్యాయామం మొదలుపెట్టి, ఒక ఊరి మనసంతా ఒక్క ఉదయంలో చెడగొట్టిన మనిషిని మీరు చూసి ఉండరు. ఇదిగో, నేనే. ఆ రోజు నా వల్ల ఒక పడవ దారి తప్పింది, ముప్పై మంది ఇసుకలో నా కోసం పరిగెత్తుకొచ్చారు, చివరికి నా సంగతి చర్చిలో మైకు ఎక్కింది. పిల్ల నిద్రపోయింది. ఇంట్లో నన్ను ఆపేవాళ్లెవరూ మెలకువగా లేరు. కాబట్టి ఏదీ దాచకుండా రాసేస్తాను.

నా పేరు శాంతకుమారి. నవ్వితే నవ్వండి, అలవాటైపోయింది. మూడేళ్ల కిందటి మాట. మా ఆయన సుధాకర్ కళింగపట్నం దగ్గర బడిలో లెక్కల మాస్టారు. ఆయన, నేను, మా అత్తగారు, రెండేళ్ల మా పాప బిన్నీ, సముద్రానికి పది నిమిషాల నడక దూరంలో అద్దెకు ఉండేవాళ్లం. నేను ఎమ్మెస్సీ కెమిస్ట్రీ. పాప పుట్టక ముందు కాలేజీలో పాఠాలు చెప్పినదాన్ని. పుట్టాక నా చదువంతా ఒక్క పనికే ఉపయోగపడింది, భయపడడానికి. పాప తుమ్మితే నాకు న్యుమోనియా కనిపించేది. ద్రాక్షపండు చూస్తే అది గొంతులో ఇరుక్కోవడం కనిపించేది. నేల మీద నీటి చుక్క పడితే జారిపడి పగిలిన తల కనిపించేది. ఈ భయాలన్నీ పొద్దుటి నుంచీ కడుపులో ఉడికి ఉడికి, సాయంత్రానికి కోపమై మూత ఎగరగొట్టేవి.

మామూలు కోపం అనుకోకండి. గిన్నె చప్పుడైతే కోపం. చప్పుడు కాకపోతే, ఈ ఇంట్లో నేను తప్ప ఎవరూ గిన్నె ముట్టుకోరని కోపం. దానికి తోడు సలహాలు.

“టెన్షన్ పడకు శాంతా,” అనేవారు మా ఆయన, ఫోన్లోంచి తలెత్తకుండా.

“పడకుండా ఎలా ఉండాలో చెప్పండి. లెక్కల మాస్టారు కదా, స్టెప్పులు రాసివ్వండి.”

“అదే... పడకు. అంతే.”

ఆ మాట విని టెన్షన్ తగ్గిన మనిషి ఈ భూమ్మీద ఒక్కరుంటే చూపించండి. ముందు దండం పెడతాను, తర్వాత తగువు పెట్టుకుంటాను.

మా అత్తగారిది ఇంకో పద్ధతి. “మేం నలుగుర్ని పెంచినాం. టెన్సనంటే ఏటో మాకు తెల్నే తెల్దు.”

“మీకు తెలియకపోవచ్చు అత్తయ్యా. మీ చుట్టూ ఉన్నవాళ్లకి తెలిసే ఉంటుంది.”

“సూడు, మల్లీ కోపం.”

అక్కడితో ఆగితే ఆవిడ మా అత్తగారెందుకవుతారు. మా చర్చిలో ఆదివారం స్త్రీలు ఒక్కొక్కరే లేచి ఇంటి కష్టం చెబుతారు, మిగతావాళ్లు దాని కోసం ప్రార్థిస్తారు. మంచి ఆచారమే, ఆ కష్టం మీరే కానంత వరకు. ఒకావిడ మోకాళ్ల నొప్పి చెప్పింది. ఇంకొకావిడ కొడుకు పరీక్ష చెప్పింది. తర్వాత మా అత్తగారు లేచి, కొంగు సర్దుకుని, మైకు పట్టుకున్నారు.

“మా కోడలి కోపం గురించి అందరూ పెద్ద మనసుతో ప్రార్థన సెయ్యండి.”

ముసుగులు వేసుకున్న అరవై తలలు ఒక్కసారి నా వైపు తిరిగాయి. నేను తల వంచుకున్నాను. ఎంత భక్తి అనుకున్నారు అందరూ. నేను పళ్లు నూరుతున్నాను.

ఇంతవరకు నవ్వుకోండి. ఈ ఒక్క ముక్క దగ్గర ఆగండి.

ఆ వారంలోనే ఒక సాయంత్రం బిన్నీ పాలు ఒలకబోసింది. వీపు మీద ఒకటి వేశాను. గట్టిగానే వేశాను. మర్నాడు దాని జుట్టుకున్న క్లిప్పు జారిపోతుంటే సర్దుదామని చెయ్యెత్తాను. అది కళ్లు గట్టిగా మూసుకుని, మెడ భుజాల్లోకి లాక్కుని, తల వంచేసింది. రెండేళ్ల పిల్ల, నా చెయ్యి చూసి. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. ఆ పూటే ఆసుపత్రికి వెళ్లాను.

డాక్టరమ్మ అంతా విని, “మీ బుర్ర అలిసిపోతోంది, ఒళ్లు అలిసిపోవడం లేదు. రోజూ చెమట పట్టేలా గంట సేపు నడవండి. పది రోజుల తర్వాత మళ్లీ రండి, అప్పటికీ తగ్గకపోతే చూద్దాం,” అంది.

ఎంత తేలికైన మాట. విని, నడిచి ఉంటే ఈ కథే ఉండేది కాదు. కాని నాకు దాని మీద కూడా కోపం వచ్చింది. ఎమ్మెస్సీ చదివిన కోపానికి మందు నడకా? ఫోను తీసి వెతికాను. తెల్ల గదిలో, తెల్ల చీరలో, పిల్లలు లేరని చూడగానే తెలిసిపోయే ఒకావిడ, కోపాన్ని విసిరేసే వ్యాయామం నేర్పుతోంది.

“ఎత్తైన చోట నిలబడండి. ఎదురుగా విశాలమైన ఖాళీ ఉండాలి. రెండు చేతులతో ఒక గుడ్డ పట్టుకుని కుడి వైపు మూడు సార్లు, ఎడమ వైపు మూడు సార్లు ఊపండి. తర్వాత తల పైకెత్తి, ‘పో’ అని అరుస్తూ ఒక్క విసురుతో కిందికి దించండి. ఇలా ఇరవై సార్లు. ప్రకృతి మీకు జవాబిస్తుంది.”

ఇంట్లో చేస్తే వచ్చే ఆదివారం మైకుకి ఇంకో కష్టం దొరుకుతుంది. అందుకని మర్నాడు పొద్దున్నే పాపని అత్తగారికి అప్పగించి, ఎర్ర చున్నీ వేసుకుని సముద్రానికి వెళ్లాను. దేవుడు నా కోసమే పోయించినట్టు ఎత్తుగా ఒక ఇసుక దిబ్బ కనిపించింది. దిబ్బ మొదట్లో ఒక చెప్పుల జత, ఒక బీడీ కట్ట ఉన్నాయి. ఎవరివో అనుకున్నాను. ఎవరివని ఆలోచించే బుద్ధే ఉంటే అక్కడిదాకా ఎందుకొస్తాను. దూరంగా ఒడ్డున కొంతమంది తాడు పక్కన కూర్చుని ఉన్నారు. ఆ తాడు నీళ్లలోకి వెళ్లింది. నీళ్ల మీద ఒక పడవ, దేని కోసమో ఎదురుచూస్తున్నట్టు ఆగి ఉంది.

చున్నీ తీసి మొదలుపెట్టాను. కుడి వైపు మూడు ఊపులు మా ఆయనకి. ఎడమ వైపు మూడు మా అత్తగారికి. తల పైకెత్తి, డాక్టరమ్మని, ఫోన్లో తెల్ల చీరావిడని, ముసుగు వేసుకున్న అరవై తలల్ని కలిపి, “పో” అని కిందికి కొట్టాను. గొంతు చీరుకుపోయింది. ఎంత హాయిగా ఉందో చెప్పలేను.

రెండోసారి ఊపుతుంటే పడవ కదిలింది. నేను ఎడమకు ఊపితే ఎడమకు వెళ్లింది. ఇంకా ఊపితే ఇంకా వెళ్లింది. చెయ్యి దించగానే పడవలోవాళ్లు నీళ్లలోకి ఏదో జారవిడవడం మొదలుపెట్టారు. పడవ మెల్లగా వంపు తిరుగుతూ, ఏరు సముద్రంలో కలిసే ఏటి మొగ వైపు సున్నా చుడుతోంది. ప్రకృతి జవాబిస్తుందని ఆవిడ చెప్పింది కాని, ఇంత చెప్పిన మాట వింటుందని చెప్పలేదు. మా ఇంట్లో ఎవరూ వినని మాట సముద్రం వింటోంది. ఉత్సాహం వచ్చి వేగం పెంచాను.

ఏడో “పో” దగ్గర వెనక నుంచి కేక వినబడింది. సరుగుడు తోటలోంచి ఒక ముసలాయన ఒక చేత్తో లుంగీ, ఇంకో చేత్తో ఎర్ర తువ్వాలు పట్టుకుని పరిగెత్తుకొస్తున్నాడు.

“ఆపే. ఊపకే. ఎవులే నువ్వు?”

“మీరెవరు తాతా? వ్యాయామం మధ్యలో ఆపకూడదు.”

“యాయామం ఏటి? వల ఏయించేసినావు గదే.”

ఆయన పేరు ఎర్రయ్య. ఆ దిబ్బ మీద నిలబడి నీళ్లలో చేపల మంద ఎటు నల్లగా కదులుతోందో చూసి, తువ్వాలు ఊపి పడవకి చెప్పడం ఆయన పని. కుడికి ఊపితే కుడికి వెళ్లాలి, ఎడమకి ఊపితే ఎడమకి. పైకెత్తి కిందికి కొడితే వల వేసెయ్యాలి. ఎర్రయ్య రెండు నిమిషాల పని మీద సరుగుళ్లలోకి వెళ్లాడు. ఆ రెండు నిమిషాల్లో ఆయన ఉద్యోగం నేను చేసేశాను. పడవలోవాళ్లకి అంత దూరం నుంచి కనిపించేది ఎర్ర గుడ్డే కాని, దాని వెనకాల ఉన్న ఎమ్మెస్సీ కాదు కదా.

ఈలోగా తాడు దగ్గరవాళ్లంతా వచ్చి దిబ్బని చుట్టుముట్టారు. అందరికంటే ముందు నూకమ్మ. ఆవిడ మొగుడు ఆ పడవలోనే ఉన్నాడు.

తప్పు నాదని అప్పటికే తెలిసిపోయింది. తప్పు మనదైనప్పుడు వచ్చే కోపం ఎంత గట్టిదో మీకూ తెలిసే ఉంటుంది.

“గుడ్డ ఊపుకోవడానికి కూడా పర్మిషన్ కావాలా? సముద్రం మీద మీ పేరు రాసుందా?” అని అరిచాను.

“సముద్రం మీద రాయలేదమ్మా,” అంది నూకమ్మ, అరవకుండానే. “ఈ దిబ్బ మీద రాసున్నాది. ఎర్రయ్య వాల్ల తాత నిలబడ్డాడు, వాల్ల అయ్య నిలబడ్డాడు. సేప పడి నాలుగు దినాలైనాది. ఇవాల మంద లైట్‌హౌసు కాడికొచ్చినాది. నువ్వు ఏటి మొగ కాడ వల ఏయించి, మందని పో అన్నావు. పోయినాది.”

చున్నీ మడిచి చంకలో పెట్టుకున్నాను.

“తప్పయిపోయింది. ఇంట్లో పాప ఉంది, నేను వెళ్తాను,” అన్నాను.

“ఎక్కడికెల్తావు? ఏసిన వల లాగాలా, ఒద్దా?”

“నేనా?”

“ఏయించింది నువ్వు గదేటి. రా, తాడట్టుకో.”

చున్నీ నడుముకి బిగించి తాడు పట్టుకున్నాను. ముందు నూకమ్మ, వెనక ఎర్రయ్య, మధ్యలో నేరస్తురాలు. తడి తాడు బరువెంతో నాకు ఆ రోజు తెలిసింది. ఒక అడుగు వెనక్కి వేస్తే సముద్రం అరడుగు ముందుకి లాగేది. పావుగంటకి భుజాలు పోయాయి. అరగంటకి అరచేతుల్లో బొబ్బలు లేచాయి. నేను కొంచెం వదిలితే చాలు, వెనక నుంచి ఎర్రయ్య గొణుగుడు వినిపించేది.

“ఊపినప్పుడు బాగానే ఊపినావు. లాగవే.”

గంట దాటాక నూకమ్మ తల తిప్పకుండానే అడిగింది. “ఇంతకీ ఎవుల మీదే, ఆ పో?”

మా ఆయన, అత్తగారు, మైకు, తెల్ల చీర, అన్నీ వరసగా చెప్పాను. ఊపిరాడక ముక్కలు ముక్కలుగా వచ్చాయి. చుట్టుపక్కలవాళ్లు నవ్వుతూనే లాగుతున్నారు. నా ఒంట్లో ఏదీ దాచుకునే ఓపిక మిగల్లేదు. “చెయ్యెత్తితే నా పాప తల వంచేస్తోంది,” అని కూడా అనేశాను.

నవ్వులు ఆగిపోయాయి. నూకమ్మ తాడు ఇంకో మూర లాగింది. “నా పెద్ద గుంటా నన్ను సూసి అలాగే తల ఒంచేసేది,” అంది తర్వాత. “ఒకట్రెండు దినాల్లో పోదే అది. సానాళ్లు పడతాది. లాగు.”

ఓదార్పు అని కూడా అనలేం దాన్ని. కాని “టెన్షన్ పడకు” అనలేదు. అందుకే లాగాను.

రెండు గంటల తర్వాత వల ఒడ్డుకొచ్చింది. గుట్టగా జెల్లీచేపలు, ఒక ఎడమకాలి చెప్పు, రెండు గంపల కవళ్లనే చిన్న చేపలు. ఎర్రయ్య వల వైపు ఒకసారి, నా వైపు ఒకసారి చూశాడు. ఏం తిట్టాడో రాయను, ఇది పదిమంది చదివేది. నేను తల దించుకుని జారుకుంటుంటే నూకమ్మ పిలిచి, నా చున్నీ చెంగులో ఏడు కవళ్లు వేసింది.

“నాకెందుకు? నేనే కదా మీ పొట్ట కొట్టింది.”

“తాడట్టుకున్నోల్లకి వాటా. అది మా పద్దతి. అట్టుకెల్లు బేగి, మనసు మారకముందు.”

ఇంటికి వెళ్లేసరికి జుట్టు నిండా ఇసుక, ఒళ్లంతా చేపల వాసన. మా ఆయన గుమ్మంలోనే కనిపించి నోరు తెరిచారు.

“టెన్షన్ అన్న మాట వినబడితే ఈ ఏడు చేపలూ మీ జేబులో వేస్తాను,” అన్నాను. మూసేశారు.

గోడకి ఆనుకుని కూలబడ్డాను. కోప్పడడానికి ఓపిక వెతికాను, ఎక్కడా దొరకలేదు. వేళ్లు ముడుచుకోవడం లేదు. రెండు అరచేతులూ వెల్లకిలా ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. బిన్నీ దూరం నుంచి ఆ చేతులనే చూస్తూ నిలబడింది. తర్వాత ఒక్కో అడుగూ వేసుకుంటూ వచ్చి, వంగి, బొబ్బల మీద “ఉఫ్” అని ఊదింది. సగం ఊపిరి, సగం ఉమ్ము. ఆ రోజు నేను ఏడ్చింది భుజాల నొప్పికేనని ఇంట్లో అందరికీ చెప్పాను.

ఇక ఆదివారం. మా అత్తగారు లేచి, కొంగు సర్దుకుని, మైకు పట్టుకున్నారు. “పోయిన వారం ప్రార్థనకి జవాబొచ్చినాది,” అన్నారు గంభీరంగా. “ఈ వారం, మా కోడలి వల్ల సేపలు పోయినోల్ల కోసం ప్రార్థన సెయ్యండి.”

నా కోపం పోయిందని మీరు అనుకోకండి. రోజూ గంట నడుస్తాను, శనివారం పొద్దున్న ఒడ్డుకి వెళ్లి తాడు పట్టుకుంటాను, మధ్యలో రెండుసార్లు డాక్టరమ్మ దగ్గరికి వెళ్లి బుద్ధిగా చెప్పింది విన్నాను కూడా. అయినా టెన్షన్ పడకు అన్నవాళ్ల మీద ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. నేను దిబ్బ వైపు తల తిప్పినా ఎర్రయ్య సరుగుళ్లలోకి వెళ్లడం వాయిదా వేసుకుంటాడు.

సముద్రం సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఈ జన్మలో ఏ దిబ్బ మీదా, ఏ రంగు గుడ్డా ఊపను. ఉతికిన దుప్పటి దులపాలన్నా సముద్రానికి వీపు పెట్టి, పడమటి వైపు తిరిగే దులుపుతాను. ఈ ప్రమాణం ఇంట్లో అందరి ముందూ ఎన్నోసార్లు చేశాను, కుడి చెయ్యి బాగా పైకెత్తి మరీ. అలా ఎత్తినప్పుడల్లా ఐదేళ్ల బిన్నీ నా పక్కనే నిలబడి, తల ఏ మాత్రం వంచకుండా, ఆ చేతి వైపు విసుగ్గా చూస్తుంది.

“దించమ్మా,” అంటుంది. “పడవలొచ్చేస్తాయి.”