తక్కువ వంగిన వంతెన

ఏ పనైనా అనుకున్నదానికన్నా బాగా జరిగితే మా వదినకి ముద్ద దిగదు. దర్జీ కుట్టిన జాకెట్టు మొదటిసారే సరిగ్గా సరిపోతే, ఇంకెవరి కొలతలతోనో కుట్టాడేమోనని వెనక్కి వెళ్లి అడిగొస్తుంది. డాక్టరు రక్తపోటు మామూలుగానే ఉందంటే, ఆ యంత్రాన్ని ఆఖరిసారి ఎప్పుడు సరిచూశారని ఆయన్నే అడుగుతుంది. ఆ డాక్టరు ఇప్పుడు మా వీధి గుండా రావడం మానేశాడు. ఆఫీసులో ఆవిడకి అనుమానపక్షి అని పేరు. పెట్టి పాతికేళ్లయింది, వాడగా వాడగా అనుమానం అరిగిపోయి పక్షి మిగిలింది. "పక్షిగారు సంతకం పెట్టారా?" అని అడుగుతారు. పెట్టారంటే ఇక ఆ వంతెన గురించి ఎవరూ మాట్లాడరు.

వంతెనని నేల మీద కట్టకముందే కంప్యూటర్లో ఒకసారి కట్టి, దాని మీద లారీలు నడిపి, గాలికి ఊపి, ఎండలో పెట్టి, ఎక్కడ ఎంత వంగుతుందో చెప్పడం ఆవిడ ఉద్యోగం. వంతెనని నాలుగు వేల చిల్లర ముక్కలుగా కోసి, ఏ ముక్క పక్క ముక్కని ఎంత లాగుతోందో ఎంత నెడుతోందో లెక్క తీయిస్తుంది. లెక్క చేసేది యంత్రమే. దానికి అబద్ధం చెప్పకుండా ఉండటమే మనిషి పని అంటుంది.

"దానికి సిగ్గూ శరం ఉండవు అబ్బాయ్. గడ్డితో కట్టి ఉక్కు అని చెప్పినా, చక్కగా రంగులేసి లెక్క కట్టి పెడుతుంది" అని నాకు చెబుతూ ఉంటుంది.

ఈ బుద్ధి ఆవిడకి పుట్టింటి నుంచి వచ్చింది. వాళ్ల నాన్న తక్కెడలు బాగుచేసేవాడు. మార్కెట్టు వెనక మంచం వేస్తే నిండిపోయేంత కొట్టు. తక్కువ తూచినా ఎక్కువ తూచినా తక్కెడ తప్పేనని ఆయన సిద్ధాంతం. తనకి ఎక్కువ తూగుతోందని ఫిర్యాదు చేసిన మనిషి తన జన్మలో ఒక్కడూ కనపడలేదని పోయేదాకా బాధపడ్డాడు. కూతురు మాత్రం ఆ ఫిర్యాదు పని తలకెత్తుకుంది.

నేను ఆవిడ మరిదిని. వంతెనలు కట్టే కంట్రాక్టరు దగ్గర సైటు సూపర్‌వైజరుని. ఆవిడ తెర మీద నిలబెట్టినదాన్ని నేను బురదలో నిలబెడతాను. ఇద్దరం ఒకే ఇంట్లో ఉంటాం: అమ్మ, బడిలో డ్రాయింగు చెప్పే అన్నయ్య, వదిన, నేను. నాకింకా పెళ్లి కాలేదు, ఎందుకు కాలేదో అమ్మని అడిగితే సావకాశంగా చెబుతుంది.

పొద్దున టీ పెట్టేది నేను గానీ అన్నయ్య గానీ. అన్నయ్య పెట్టిన రోజున వదిన "స్టవ్ కట్టేశారా?" అని అడుగుతుంది. కట్టేశానంటాడు. అయినా లోపలికి వెళ్లి మీట తిప్పి చూసి వస్తుంది. పెళ్లయి ఇరవయ్యేళ్లయినా ఆయన మాట మీద అంత నమ్మకం. నేను కట్టేశానంటే మాత్రం సంచి భుజాన వేసుకుని బయల్దేరుతుంది. దీనికి కారణం ఉంది. ఆవిడ కొత్తగా కాపురానికొచ్చిన ఏడు నాకు పదో తరగతి లెక్కల్లో ముప్పై నాలుగు వచ్చాయి. ఆ సంగతి ఇంట్లో అందరికన్నా ముందు నా అంతట నేనే వెళ్లి ఆవిడకి చెప్పాను. వీడు అబద్ధమాడడని ఆ రోజే తేల్చేసింది. కాంక్రీటు బలం తేల్చడానికి కనీసం మూడు దిమ్మలు పగలగొట్టి చూడాలనే మనిషి, నా విషయంలో ఒక్క నమూనాతో సరిపెట్టుకుంది.

ఇక ఆ వంతెన. కాలవ మీద నలభై రెండు మీటర్ల ఉక్కు దూలాలు, పైన కాంక్రీటు. ఎండకి ఉక్కు సాగుతుంది కాబట్టి ఒక కొసని కదలకుండా కట్టి, రెండో కొస అటూ ఇటూ జరిగేలా దూలాల కింద బేరింగులు పెడతారు. చిటికెన వేలి మందం జరుగుతుంది, అంతే. వదిన తన మోడల్లో కదలని కొసకి 'అత్తగారు' అనీ, ఇంటి పట్టున ఉండని కొసకి 'మరిది' అనీ పేర్లు పెట్టుకుంది. మా అమ్మకి కంప్యూటరు రాకపోవడం వల్ల ఇల్లు ప్రశాంతంగా ఉంది.

ప్రారంభానికి ముందు బరువు పరీక్ష చేశారు. కంకర నింపిన ఎనిమిది లారీలని వంతెన మధ్యలో నిలబెట్టి, కింద కొలత గడియారాలు పెట్టి, ఎంత వంగిందో చూస్తారు. ఇరవై ఒక్క మిల్లీమీటర్లు వంగుతుందని వదిన లెక్క. పదిహేనే వంగింది. లారీలు దిగాక మళ్లీ సున్నాకి వచ్చింది. అందరూ ఒకరి చేతులొకరు ఊపుకున్నారు. నా చెయ్యి కూడా ఎవరో ఊపారు. వదిన ఒక్కతే గడియారం ముందు కూర్చుని, అది చెడిపోయిందేమోనని వేలితో తట్టి చూస్తోంది.

ఆ సాయంత్రం భోజనాల దగ్గర నన్ను అడిగింది.

"అబ్బాయ్, ఆ జరిగే కొస బేరింగులు దగ్గరుండి చూసింది నువ్వే కదా? ఎర్ర బోల్టులు తీశారుగా?"

"చూశాను వదినా, తీశారు."

"సరే అయితే" అని అన్నం కలుపుకుంది.

ఇక్కడ బోల్టుల సంగతి చెప్పాలి. బేరింగు ఫ్యాక్టరీ నుంచి వచ్చేటప్పుడు దారిలో కదలకుండా పై పలకనీ కింది పలకనీ రెండు బోల్టులతో బిగించి పంపుతారు. మరిచిపోకూడదని వాటికి ఎర్ర రంగు వేస్తారు. బిగింపు పనులయ్యాక వాటిని తీసెయ్యాలి. తీశామని ఫారంలో టిక్కు పెట్టాలి. ఆ ఫారంలో అది పదిహేడో వరుస. ఆ రోజు నిచ్చెన అవతలి గట్టున ఉంది, కాంక్రీటు లారీ వచ్చి హారను కొడుతోంది. నేను పద్నాలుగో వరుస నుంచి ఇరవై రెండో వరుస దాకా ఒకే ఊపులో టిక్కులు పెట్టాను. టిక్కులు అందంగా కూడా వచ్చాయి. ఫిట్టర్లు తీసే ఉంటారనుకున్నాను. తీశారన్నది నా ఊహ. చూశాను అన్నది మాత్రం పచ్చి అబద్ధం, అది చెప్పేటప్పుడు నాకు తెలుసు.

మర్నాటి నుంచి వదిన తన తప్పు తను వెతుక్కోవడం మొదలుపెట్టింది. కాంక్రీటు అనుకున్నదానికన్నా గట్టిగా వచ్చిందేమోనని చూసింది. పక్క గోడలు కూడా బరువు మోస్తున్నాయేమోనని వాటినీ మోడల్లో కట్టింది. లారీలని మళ్లీ తూకం వేయించింది. ఇన్ని చేసినా ఇరవై ఒకటి పందొమ్మిదికి దిగింది గానీ పదిహేనుకి రాలేదు.

ఆరో రోజున మీటింగు పెట్టారు. ఆఫీసులో అందరూ పెద్దాయన అని పిలిచే చీఫ్ ఇంజినీరు మెత్తగానే మొదలుపెట్టాడు. కంట్రాక్టరు తరఫున నేనూ ఓ మూల కుర్చీలో ఉన్నాను.

"అమ్మా, ఎక్కువ వంగితే ఏడవాలి గానీ, తక్కువ వంగిందని ఏడుస్తారా ఎవరైనా?"

"తక్కువ వంగిందంటే ఎక్కడో దేన్నో పట్టుకుని ఉందండీ. ఇవాళ పట్టుకుంటే మనకి సంతోషం. ఎండలు ముదిరాక అది సాగాలి. సాగే దారి లేకపోతే గోడని తోస్తుంది. గోడైనా పగలాలి, అదైనా నలగాలి."

"దేన్ని పట్టుకుంది?"

"అదే దొరకట్లేదండీ. నా మోడల్లోనే తప్పుందేమో. వెతుకుతున్నాను."

"ఇంకా ఎన్నాళ్లు వెతుకుతారు? లెక్క కాస్త జాగ్రత్తగా వేశాం, వంతెన అంతకన్నా గట్టిగా ఉంది అని ఒక్క ముక్క రాసి సంతకం పెట్టండి. లేదంటే సోమవారం ఈ మోడల్ని బయటివాళ్లకి ఇస్తాను. మీ పేరు తీసి వాళ్ల పేరు పెడతాను. ఆ తర్వాత నన్నేమీ అనకూడదు."

గదిలో ఎవరో "పక్షిగారికి ఈసారి గూడు దొరకలేదు" అన్నారు. నలుగురు నవ్వారు. వదిన కళ్లజోడు తుడుచుకుంది. నేను ఫ్యాను వంక చూస్తూ కూర్చున్నాను. అది మూడు రెక్కల ఫ్యాను.

ఎనిమిదో రోజు పొద్దున వదిన టీ గ్లాసు పట్టుకుని తాగకుండా కూర్చుంది.

"ఇన్నేళ్లలో నా తప్పు నాకే దొరక్కపోవడం ఇదే మొదటిసారి అబ్బాయ్. లెక్క చేతిలోంచి జారిపోతోందేమో. ఇలా అయితే ఈ పని మానెయ్యాలి. నేను చూసుకోలేని వంతెన మీద జనాన్ని ఎలా నడవమంటాను?"

అన్నయ్య ఏదో సర్దిచెప్పబోయాడు. నేను టిఫిను కూడా తినకుండా చెప్పులేసుకున్నాను.

నిచ్చెన ఈసారి ఇవతలి గట్టునే ఉంది. ఎక్కి చూశాను. నాలుగు బేరింగులు, ఒక్కోదానికి రెండు చొప్పున, ఎనిమిది బోల్టులు. ఎర్రగా, కొత్తగా, ఎవరూ ముట్టుకోకుండా ఉన్నాయి. అంతకన్నా స్పష్టంగా కనిపించే వస్తువు ఆ వంతెనలో ఇంకోటి లేదు.

సిగ్గుపడటానికి ముందు నాకొచ్చిన ఆలోచన కూడా చెప్పాలి. గుట్టుచప్పుడు కాకుండా నేనే తీసేస్తే? మళ్లీ పరీక్ష పెడితే ఇరవై ఒకటి వస్తుంది, వదిన గెలుస్తుంది, నేనూ మిగులుతాను. తుప్పు పట్టిన పానా ఒకటి తెచ్చి మొదటి బోల్టుకి తగిలించి వేలాడాను. కదల్లేదు. కాంక్రీటు పడ్డప్పటి నుంచీ వంతెన బరువంతా దాన్ని పట్టుకుని లాగుతోంది, ఇప్పుడు నేను కూడా. కింద నుంచి కాపలావాడు కేకేశాడు.

"ఏం చేస్తున్నారండీ?"

"చూస్తున్నాను."

"ఇప్పుడా?"

వాడు మామూలుగానే అడిగాడు. నాకు మాత్రం చెంప ఛెళ్లుమంది. పానా కింద పడేసి దిగిపోయాను.

చేతుల నిండా తుప్పుతో నేరుగా వదిన ఆఫీసుకి వెళ్లాను. ఆవిడ బల్ల దగ్గర నిలబడి, కూర్చోకుండానే చెప్పేశాను. బోల్టులు ఉన్నాయి, నేను చూడకుండా టిక్కు పెట్టాను, నువ్వు అడిగిన రోజున అబద్ధం చెప్పాను అని. తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండేది.

"ఎన్ని?" అంది.

"ఎనిమిదీ."

పెన్సిలు తీసుకుని నోటు పుస్తకం తిరగేసింది. వెనక్కి, బాగా వెనక్కి, పరీక్ష అయిన మర్నాటి పేజీ దగ్గర ఆగింది. అక్కడ ఆవిడ గుండ్రటి అక్షరాలు నాకు తలకిందులుగా కనిపించాయి. 'మరిది కొస బిగించి చూస్తే: 15.2. సరిపోయింది.' దాని మీద అడ్డంగా గీత కొట్టేసి ఉంది. కింద ఇంకో వరుస: 'కాదు. బోల్టులు తీశారు, అబ్బాయి చూశాడు.'

నాకు విషయం ఎక్కడానికి కాస్త సమయం పట్టింది. జవాబు ఆవిడకి రెండో రోజే దొరికింది. నేను చూశానన్నానని దాన్ని కొట్టేసి, వారం రోజులు తప్పు తనలో వెతుక్కుంది. డాక్టరుని నమ్మదు, దర్జీని నమ్మదు, కట్టుకున్న మొగుణ్ణి నమ్మదు. నన్ను నమ్మింది. ఆ బల్ల ముందు నిలబడి ఏడ్చాను. ముప్పై అయిదేళ్ల మనిషిని, చేతులకి తుప్పు ఉండటం వల్ల కళ్లు తుడుచుకోవడానికి కూడా వీల్లేకపోయింది.

"పోయి చేతులు కడుక్కో. పెద్దాయన గదికి వెళ్లాలి" అంది వదిన.

మర్నాడు సైటుకి ఆవిడ కూడా వచ్చింది. ఎనిమిది ఉన్నాయని నేను చెప్పాను, పెద్దాయన ముందు కాగితం మీద రాసి సంతకం కూడా చేశాను. అయినా చీర కుచ్చిళ్లు దోపుకుని నిచ్చెనెక్కింది. టార్చి వేసి, ఒక్కో బోల్టు మీదా వేలు పెట్టి, పైకే లెక్కపెట్టింది. ఎనిమిది. నేను కింద నిచ్చెన పట్టుకుని నిలబడ్డాను.

జాకీలు పెట్టి, దూలాలని కాస్త ఎత్తి పట్టుకుని, బోల్టులు తీశారు. ఆఖరిది ఊడినప్పుడు ఫట్టుమని పెద్ద చప్పుడు వచ్చి వంతెన గోరంత జరిగింది. మళ్లీ ఎనిమిది లారీలు తెచ్చారు. ఇరవై పాయింట్ ఎనిమిది వంగింది. ముందుకన్నా ఎక్కువ వంగినందుకు ఈసారి ఎవరూ చేతులు ఊపుకోలేదు. వదిన ఆ పూట రెండుసార్లు వడ్డించుకుంది. నన్ను కంట్రాక్టరు మూణ్ణెల్లు స్టోరులో టార్పాలిన్లు లెక్కపెట్టమన్నాడు. నీడపట్టున కుర్చీ వేశారని విని అమ్మ అది ప్రమోషన్ అనుకుంటోంది.

వదిన ఆ సంగతి మళ్లీ ఎత్తలేదు. ఇంట్లో ఎవరికీ చెప్పనూ లేదు. నాతో మాటా మారలేదు, అబ్బాయ్ అనే పిలుస్తుంది, కూర నాకే ముందు వేస్తుంది.

నిన్న పొద్దున టీ నేనే పెట్టాను. వదిన సంచి భుజాన వేసుకుని, "స్టవ్ కట్టేశావా అబ్బాయ్?" అని అడిగింది. కట్టేశాను వదినా అన్నాను. సరేనంది. గడప దాకా వెళ్లి ఆగింది. వెనక్కి వచ్చి, నా వైపు చూడకుండా వంటింట్లోకి వెళ్లి, మీట తిప్పి చూసి వచ్చింది.