తల వంచుకున్నది మా బావ

కుక్క ఏమంత బరువుంటుంది? ఎత్తితే చంకలో ఇమిడిపోతుంది. నేను మాత్రం ఒక కుక్కని పడుచుతనం నుంచీ మోస్తూనే ఉన్నాను. ఇంటావిడకి కూడా చెప్పలేదు. మీరెవరో నాకు తెలీదు గనక మీకు చెబుతున్నాను.

మొన్న పేపర్లో ఒక ఇంగ్లీషు మాట తగిలింది. హ్యాంగ్‌డాగ్. నా పాత డిక్షనరీలో 'సిగ్గుతో తల వేలాడేసిన' అని ఉంది. సిగ్గుకీ కుక్కకీ ఏమిటి సంబంధం? బడి గుమ్మం ఎక్కకుండా ఒక్కో మాటా ఏరుకుని నేర్చుకున్నవాణ్ణి, సగం అర్థంతో ఊరుకోలేను. మనవరాలి చేత ఫోన్‌లో వెతికించాను. వెనకటికి ఆ దేశంలో తప్పు చేసిన కుక్కల్ని ఉరి తీసేవారట. కుక్కని ఉరితీయడానికి తప్ప ఎందుకూ పనికిరాని నీచుణ్ణో, కుక్కలా ఉరికి తగినవాణ్ణో ఆ మాటతో తిట్టేవారట. అలాంటివాడి ముఖమే తర్వాత సిగ్గుపడ్డ ముఖం అయిందట. పిల్ల నవ్వింది. నేను లేచి పెరట్లోకి వెళ్ళిపోయాను.

మాది శ్రీకూర్మం దిగువన, సముద్రం ఒడ్డు పల్లె. ఇసుక మీద అందరి నెత్తళ్ళూ, ఆ వేలెడేసి చేపల్ని, కలిపి ఎండబెట్టేవాళ్ళం. కాపలా ఇంటికొక వంతు. నా వంతు రోజున పాత పుస్తకాలవాడు సైకిలు మీద వచ్చాడు. వాడి సంచిలో ఈ డిక్షనరీ ఉంది. నన్నెవరు చదివించారు గనక? ఎవరు కొనిపెడతారు గనక? బుట్టెడు నెత్తళ్ళు వాడికి పోసి, పుస్తకం తెచ్చి చూరులో దోపాను.

సాయంత్రం ఆడవాళ్ళు వచ్చి, ఒక మూల బోసిగా ఉందేమని అడిగారు. మా బావ పెంచుకునే కుక్క తిన్నదన్నాను. ఎందుకన్నాను? అది అటుగా పోతోంది, అంతే. దానికి పేరు రాజుగాడు. చేపల రుచి మరిగిన కుక్కని పెంచినవాడే చంపాలన్నది మా పల్లె కట్టు. పెద్దలు కూర్చుని అదే తేల్చారు. ఆ పెద్దల మీద నాకు ఇప్పటికీ మంటే. ఒక్కడంటే ఒక్కడు దాని మూతి వాసన చూడలేదు. చూసి ఉంటే నేను దొరికిపోదును. నన్ను పట్టుకోలేదనేనా వాళ్ళని ఇన్నాళ్ళూ తిడుతున్నది?

బావ నా దగ్గరికొచ్చాడు.

"ఒరే, నీ కళ్ళతో సూసినావేటి?"

"సూసినాను బావా."

"నువ్వు సూసినావంటే మరింకేటున్నాది."

తల దించుకుని ఆడవాళ్ళందరికీ దణ్ణం పెట్టాడు. తర్వాత వల తాడు భుజానేసుకున్నాడు. తాడు తీస్తే రాజుగాడికి పడవెక్కే వేళ అయినట్టు. తోక ఆడిస్తూ ఆయన వెనకే సరుగుడు తోటలోకి వెళ్ళింది. బావ ఒక్కడే తిరిగొచ్చాడు.

ఆయన ఆనాడు దించిన తల మళ్ళీ ఎత్తలేదు. పంచాయితీల్లో నోరు విప్పడు. వాకిట్లోకి కుక్కపిల్ల వస్తే అదిలిస్తాడు, దొంగజాతి అంటాడు. నేను మాత్రం ఆ పుస్తకంతోనే పల్లెలో చదువుకున్నవాణ్ణి అయ్యాను. కాగితాలు చదివించుకోడానికి నా దగ్గరికొస్తారు. నా తల నిటారుగానే ఉంది. ఆ ఇంగ్లీషు మాట నాదైతే, ఆ ముఖం ఆయనకెందుకు వచ్చింది?

ఆ ఇంగ్లీషు మాట అర్థం తెలిసిన మర్నాడు బావకి చెప్పేద్దామనే వెళ్ళాను. బావకి ఇప్పుడు చెవులు వినబడవు. మెల్లగా చెబితే అందదు, అరిస్తే గుమ్మంలో కోడలు వింటుంది. మెల్లగానే చెప్పాను. ఏటన్నావురా అన్నాడు. ఎండగా ఉన్నాది బావా అన్నాను. అవున్రా అని తలాడించాడు.

ఆయనకి చదువు రాదు. ఇది ఆయనకి చేరదు. తెలిసే రాస్తున్నాను.

రాజుగాడు ఏమీ తినలేదు బావా. నెత్తళ్ళు నేను తీశాను. ఇన్నేళ్ళకి ఈ రెండు మాటలూ నా చేతులారా రాశాను. ఊపిరి కొంచెం ఆడుతోంది. అంతకు మించి ఏమీ లేదు.