దొర చెప్పింది, నేను చెప్పనిది

1986 ఫిబ్రవరి. గురజాల ప్రాంతంలో నేను వ్యవసాయ అధికారిగా చేరి అప్పటికి రెండేళ్లు దాటింది. ఊళ్లలో నన్ను ఏవో గారు అనేవాళ్లు. కళ్లాల్లో మిరపకాయలు ఎండుతున్న రోజులు. జీపు ఏ ఊరు దాటినా తుమ్ములు తప్పేవి కావు. ఆస్ట్రేలియా నుంచి నేలల గురించి బాగా తెలిసినాయన ఒకరు మన నల్లరేగడి చూడటానికి వస్తున్నారనీ, మూడు రోజులు ఆయన వెంట తిరిగి ఆయన మాట రైతులకూ రైతుల మాట ఆయనకూ చెప్పాలనీ పైనుంచి కబురొచ్చింది. మా వాళ్లలో ఇంగ్లీషు తడబడకుండా మాట్లాడేది నేనేనని నాకో పేరుండేది. ఆ పేరంటే నాకు కాస్త గర్వం కూడా ఉండేది.

ఆయన పేరు ఆలన్. యాభై దాటిన మనిషి, ఎండకి ఎర్రగా కమిలిపోయిన మెడ, మోకాళ్ల దాకా నిక్కరు. ఊళ్లో జనం మొదటి గంటలోనే ఆయనకి దొర అని పేరు పెట్టేశారు. నేను మాత్రం ఆయన్ని పెద్ద ప్రొఫెసర్ అనుకున్నాను. నరసరావుపేట నుంచి జీపులో వస్తున్నప్పుడు అసలు సంగతి చెప్పాడు. ఆయన గోధుమ రైతు కొడుకు. నేలల చదువు తర్వాత సంగతి.

ఆస్ట్రేలియా అంటే నాకు తెలిసిందల్లా గొర్రెలు, క్రికెట్. ఆయన పుట్టింది ఆ దేశపు పడమటి వైపు. మన పల్నాడులో పడేంత వాన కూడా అక్కడ పడదట, ఆ పడేది కూడా చలికాలంలోనే. ఆయన తాత కాలంలో అదంతా జామాయిల్ జాతి చెట్ల అడవి. సర్కారు దాన్ని ముక్కలు చేసి, కొట్టి సాగు చేసుకోమని ఇచ్చింది. రైలు పట్టాలు వేశారు. పట్టా వెంబడి అక్కడక్కడా సైడింగులు పెట్టారు. సైడింగ్ అంటే రైలు పక్కకి తప్పుకుని సరుకు ఎక్కించుకునే చోటు. గుర్రపు బండి మీద గోధుమ బస్తాలు తోలుకొచ్చి, దించి, పొద్దుగూకేలోపు ఇంటికి చేరగలిగేంత దూరంలో ఒక్కో సైడింగ్. దాని చుట్టూ ఒక అంగడి, ఒకే గది ఉన్న బడి, పెళ్లిళ్లకీ మీటింగులకీ ఒక చెక్క హాలు. అదీ ఊరు. పొలాలు ఎంత పెద్దవంటే పొరుగింటి పొయ్యి పొగ కూడా కనపడదట.

అట్లా ఉంటే అది ఊరెట్లా అవుతుందని అడిగాను. శనివారం క్రికెట్‌కి పదకొండు మంది పోగయితే అది ఊరేనని నవ్వాడు. మా ఊళ్లో ఇప్పుడు ఆడటానికి ఆరుగురే ఉన్నారని కూడా చెప్పాడు.

ఎందుకట్లా అయిందో గురజాల చేరేదాకా చెబుతూనే ఉన్నాడు. లారీలొచ్చాక సైడింగ్ పని తగ్గింది. యంత్రాలొచ్చాక ఒకడే నలుగురి పొలం దున్నాడు. అన్నిటికన్నా ముందు ఉప్పు వచ్చింది. అడవి చెట్ల వేళ్లు లోతుకి దిగి పడిన వాననంతా తాగేసేవి. వాటిని కొట్టి గోధుమ వేశాక ఆ నీటిని తాగేది లేకపోయింది. భూమి లోపలి నీళ్లు ఏటేటా పైకి లేచాయి. లోతున నిద్రపోతున్న ఉప్పుని కూడా తీసుకొచ్చాయి. పల్లంలో ఉన్న పొలాలు ముందు పోయాయి. ఆయన తన సంచిలోంచి ఫొటోలు తీసి చూపించాడు. తెల్లగా మెరిసే నేల, అందులో ఎండిన మోడులు. అది వాళ్ల నాన్న పొలం.

మూడో రోజు మేం వెళ్లిన ఊరిని వాగొడ్డుపాలెం అందాం. అసలు పేరు వేరు. కాలువ నీళ్లు రాకముందు ఆ ఊరు జొన్న, ఆముదం, కంది మీద బతికేది. వాన ముఖం చాటేసిన ఏడు ఊళ్లో సగం మంది డెల్టాకి వరి కోతలకు పోయేవాళ్లు. కాలువ వచ్చాక మొదటిసారి సొంత పొలంలో పండిన బియ్యం వండుకున్నారు. అక్కడి భూములకు సర్కారు రాసి ఇచ్చింది ఆరుతడి పంటలే. అంటే మధ్యమధ్యలో తడిచ్చి పండించే మిరప, పత్తి లాంటివి. కానీ నీళ్లు కళ్ల ముందు పారుతుంటే వరి వెయ్యొద్దని ఎవరు చెప్పగలరు? నేనూ చెప్పలేదు. పైగా ఆ ఏడు వరి ఎన్ని ఎకరాలు పెరిగిందన్నదే మా మీటింగుల్లో మొదటి ప్రశ్న.

చెన్నయ్యకి ఊరికి దిగువన నాలుగెకరాలు. ఆ ఊళ్లో అన్నిటికన్నా పల్లపు పొలం అదే. పక్కనే ఒక చిన్న పాయ, ఎగువ పొలాల నీటిని వాగులోకి మోసుకుపోయేది. ఆయనకి యాభై ఏళ్లుంటాయి. నేను బాబాయ్ అని పిలిచేవాణ్ణి. ఆయనా, ఆయన భార్య రత్తమ్మా రెక్కలు ముక్కలు చేసుకుని పనిచేసే మనుషులు. దొర వస్తున్నాడని రత్తమ్మ గట్టు మీద చాప పరిచి, మజ్జిగ చెంబు పెట్టుకుని కూర్చుంది.

ఆలన్ తన ఆగర్ తీశాడు. అది పిడి పట్టుకుని తిప్పుతుంటే నేలలోకి దిగే బరమాలాంటి పనిముట్టు. లోపలి మట్టిని పొరలు పొరలుగా పైకి తెస్తుంది. మూడడుగులు దిగేసరికి మట్టి నీళ్లు కారుతూ వచ్చింది. ఆ పొలానికి నీళ్లు పెట్టి నెల దాటింది. ఆ మట్టిని నీళ్లలో కలిపి ఈసీ మీటరు పెట్టాడు. ఉప్పు ఎంతుందో ముల్లు మీద చూపించే చిన్న పెట్టె అది. ముల్లు బాగా పైకి పోయింది. ఆయన ఇంకోసారి పెట్టి చూశాడు.

అప్పుడు చెన్నయ్య తన ప్రశ్న అడిగాడు. ఈ ఎండాకాలం ఆ పాయ పూడ్చి, చదును చేసి, మొత్తం వరి కిందికి తేవాలనుకుంటున్నాడు. అరెకరం పైగా కలిసొస్తుంది. అలా చేయొచ్చా అని.

ఆలన్ నిలబడి చెప్పాడు. తొందరపడకుండా, నా కోసం మాట మాటకీ ఆగుతూ చెప్పాడు. ఆ పాయ పూడ్చొద్దు, ఇంకా లోతు చెయ్యండి. నీళ్లు ఇప్పటికే మూడడుగుల్లో ఉన్నాయి. పైన అందరూ వరి వేస్తే ఆ నీళ్లన్నీ లోపల్లోపలే మీ దగ్గరికి వస్తాయి. నాలుగైదేళ్లలో ఉప్పు పైకి తేలుతుంది. మా నాన్న కూడా నమ్మలేదు. ఇంతా చెప్పి ఫొటోలు తీసి వాళ్ల చేతికిచ్చాడు.

మా ఏడీ గారు, అంటే నా పై అధికారి, పక్కనే ఉన్నారు. ఆయనకీ ఇంగ్లీషు వచ్చు. నా వైపు చూసి, చేతి గడియారం చూసుకున్నారు. అంతే. ఏమీ దాచమని ఆయన నాతో అనలేదు. ఇన్నేళ్లలో ఆ తప్పు ఆయన మీదికి నెట్టుకుని తేలికపడదామని ఎన్నోసార్లు చూశాను, కుదరలేదు. ఆ నిమిషంలో నా బుర్రలో తిరిగింది వేరే. ఈ మాట చెబితే ఊరు ఊరంతా చుట్టూ చేరుతుంది. ఇన్నాళ్లూ వరి వేస్తుంటే మీరేం చెప్పలేదే అంటారు. జవాబు చెప్పుకోవాల్సింది నేను. మూడు రోజులు బాగా జరిగిన పర్యటన చివర్లో రచ్చవుతుంది.

“దొరగారు నేల చాలా బలమైందంటున్నారు బాబాయ్. నీళ్లు మాత్రం కాస్త చూసి వాడుకోమంటున్నారు,” అన్నాను.

రత్తమ్మ నన్ను తేరిపార చూసింది. “ఆయన అంతసేపు చెప్పింది మీరు రెండు ముక్కల్లో తేల్చారేంది సారూ?”

ఇంగ్లీషులో అట్లాగే సాగదీసి చెబుతారన్నాను. ఆవిడ ఫొటో వైపు చూపించి, ఆ తెల్లది ఏంది, మంచా అని అడిగింది. అట్లాంటిదేనన్నాను. మా మాటలు అర్థం కాని ఆలన్ నేను ఉప్పు గురించి చెప్పాననుకుని ఆవిడ వైపు చూసి బాధగా తలాడించాడు. ఆవిడ నవ్వి ఆయనకి మజ్జిగ అందించింది.

ఆ వేసవిలో పాయ పూడ్చారు. ట్రాక్టరు పెట్టి చదును చేశారు. మొదటి పంట బాగా వచ్చిందని చెన్నయ్య కనిపించినప్పుడు సంతోషంగా చెప్పాడు. దొరే ఎక్కువ భయపడ్డాడేమోనని నాకు నేను చెప్పుకున్నాను. మరుసటేడు నన్ను నాదెండ్ల వైపు బదిలీ చేశారు. కొత్త చోట కొత్త పనుల్లో ఆ ఊరి సంగతి దాదాపు మరిచాను.

1989లో మళ్లీ గురజాల వైపే వేశారు. చేరిన వారంలోనే వాగొడ్డుపాలెం వెళ్లాను. చెన్నయ్య పొలంలో సగం మీద సున్నం చల్లినట్టుంది. మిగతా సగంలో వరి జానెడు లేచి, ఆకుల కొసలు మాడి ఆగిపోయింది. గట్టు మీద నడుస్తుంటే నేల చెప్పుల కింద పెళపెళమంది. పక్కనున్న రెండు కుటుంబాల పొలాల్లోనూ మచ్చలు మొదలయ్యాయి. రత్తమ్మ రోజూ పొద్దున్నే లారీ ఎక్కి రాళ్ల క్వారీకి పోతోందని చెప్పారు.

చెన్నయ్య నన్ను చూసి లేచి నిలబడ్డాడు. కోపంగా లేడు. మామూలు కబుర్లయ్యాక ఉన్నట్టుండి అడిగాడు.

“ఆ దొర ఆ రోజు ఇట్టా అయిద్దని చెప్పాడా సారూ?”

లేదని చెప్పొచ్చు. ఆ రోజు దొర అన్నది తెలిసిన వాళ్లెవరూ అక్కడ లేరు. కానీ నోరు రాలేదు. చెప్పాడు బాబాయ్ అన్నాను. పాయ పూడ్చొద్దన్నాడనీ, ఉప్పు వస్తుందన్నాడనీ, ఆ ఫొటోలో ఉన్నది మంచు కాదనీ అన్నీ చెప్పాను.

ఆయన పొలం వైపు తిరిగాడు. మెల్లగా అన్నాడు. “చెప్పినా నేను ఇనేవోణ్ణి కాదేమో. అది ఏరే సంగతి. ఇనాలో వొద్దో తేల్చుకోవాల్సింది నేను గదా సారూ. నా బదులు మీరు తేల్చారు.”

నా ఉద్యోగంలో మెమోలు తీసుకున్నాను, తిట్లు తిన్నాను. ఏదీ ఇంతగా తగల్లేదు.

ఆ రాత్రే ఆలన్‌కి ఉత్తరం రాశాను. జరిగింది మొత్తం రాశాను, నేను చేసింది కూడా. రెండు నెలలకు జవాబొచ్చింది, ఆరు పేజీలు. నన్ను ఒక్క మాట అనలేదు. వాళ్ల ఊరి బడి మూతపడిందనీ, ఆ చెక్క గదిని లారీ మీద ఎక్కించుకుని వేరే ఊరికి తీసుకుపోయారనీ రాశాడు. మిగతాదంతా ఏం చెయ్యాలన్నదే.

ఒక ఆదివారం పొద్దున ఊరివాళ్లని బడి వరండాలో కూర్చోబెట్టి ఆ ఉత్తరం చదివాను. ఒక్కో వాక్యం ఇంగ్లీషులో చదివి, వెంటనే తెలుగులో చెప్పాను. ఎగువ రైతులు వరి మానేసి ఆరుతడికి మళ్లాలన్న చోట గొణుగుడు మొదలైంది. మా నీళ్లు మావి, మీదెక్కడి న్యాయం అన్నారు. వాళ్లు తిట్టుకుంటుంటే ఆగి, మళ్లీ మొదలుపెట్టాను. చివరి పేజీలో ఒక వాక్యం ఉంది. అన్నిటికన్నా పల్లంలో ఉన్న పొలం మీ కాలంలో తిరిగి రాదు, దాని మీద కష్టం పెట్టకండి, మురుగు కాలువని దాని మధ్యలోంచి తీసి పైవాటిని కాపాడుకోండి అని.

చదివేముందు చెన్నయ్య వైపు చూశాను. అయినా చదివాను.

“ఆ ముక్క మళ్లా చదవండి,” అన్నాడు చెన్నయ్య.

మళ్లీ చదివాను. అంటే నాదేగా అన్నాడు. అవును బాబాయ్, నీదే అన్నాను. రత్తమ్మ తలొంచుకుని నేల మీద వేలితో గీతలు గీస్తూ కూర్చుంది.

వారం ఆలోచించుకుని చెన్నయ్య ఒప్పుకున్నాడు. ఎవరూ బలవంతం చేయలేదు. కాలువ ఆయన పొలాన్ని రెండుగా చీల్చుకుంటూ పోయి వాగులో కలిసింది. తవ్వేటప్పుడు మొదటి రోజు ఆయన కూడా పలుగు పట్టాడు, రెండో రోజు రాలేదు. ఎగువ వాళ్లు సగం మందే వరి మానారు. అయినా పక్క రెండు పొలాలూ మెల్లగా తేరుకున్నాయి. ఇంకో రెండు పంటలకి అక్కడ మిరప ఎర్రగా పండింది. చెన్నయ్య, రత్తమ్మ ఇద్దరూ క్వారీ పనికే పోయారు. తర్వాత అక్కడికి దగ్గర్లోనే గుడిసె వేసుకుని ఊరొదిలారు.

నేను ఇంకా చాలా ఏళ్లు ఆ ఉద్యోగం చేశాను. ఎందరో నిపుణులకీ రైతులకీ మధ్య నిలబడ్డాను. నా కింద కొత్తగా చేరిన పిల్లలకి మొదటి రోజే చెప్పేవాణ్ణి: ఎదుటివాడు పది మాటలంటే పదీ చెప్పండి, చేదువి ముందు చెప్పండి, నష్టం ఎవరిదో నిర్ణయం వాళ్లకే వదలండి. వాళ్లు రాసుకునేవాళ్లు. ఇది ఎక్కడ నేర్చుకున్నారు సార్ అని ఒకమ్మాయి ఒకసారి అడిగింది. నల్లరేగడిలో నాలుగెకరాలు పోయాక నేర్చుకున్నానన్నాను. మీ పొలమా సార్ అంది. కాదని చెప్పడానికి నాకు కాసేపు పట్టింది.