అల్ ఐన్‌లో నాన్న మాయమయ్యే శుక్రవారాలు

ఎండలో చాలాసేపు నిలబెట్టిన కారు తలుపు తీయగానే ముఖానికి కొట్టే వాసన ఒకటుంటుంది. కాగిన రెగ్జిన్ సీట్లు, ఎప్పుడో ఒలిచి కింద పడేసిన నారింజ తొక్క, మూత సరిగా పడని నీళ్ళ సీసా, అన్నీ కలిసి ఉడికినట్టుండే వాసన. మొన్న హైదరాబాదులో ఆఫీసు నుంచి ఇంటికి రావడానికి క్యాబ్ ఎక్కితే అచ్చం అదే. డ్రైవరు కిటికీ అద్దం దించబోతే "ఉండనీండి, ఫరవాలేదు" అన్నాను. ఇంటి సందు మలుపు వచ్చేదాకా నేను మా పాత తెల్లకారు వెనక సీట్లో, తొమ్మిదేళ్ళ పిల్లగా కూర్చునే ఉన్నాను.

అప్పుడు మేము దుబాయ్‌లో ఇంటర్నేషనల్ సిటీలో ఉండేవాళ్ళం. నాన్న ఒక బిల్డింగుల కంపెనీ ఆఫీసులో పనిచేసేవాడు, ఆయనకు శుక్రవారం ఒక్కటే సెలవు. ఎండలు తగ్గి, పొద్దున బాల్కనీలో నిలబడితే చేతులమీద వెంట్రుకలు లేచే నవంబరు నుంచి, మళ్ళీ గాలి వేడెక్కే మార్చి దాకా, శుక్రవారం వస్తే చాలు, మా ప్రయాణం అల్ ఐన్‌కే. అమ్మ పులిహోర కలిపి, పెరుగన్నంలో దానిమ్మ గింజలు చల్లి, నెల్లూరు నుంచి ఎవరో తెచ్చిచ్చిన వడియాలు వేయించి పాత బిస్కెట్ల డబ్బాలో పోసేది. నాన్న కిందికి పోయి కారు అద్దాలమీది ఇసుక తుడిచేవాడు. ఊరు దాటిన కాసేపటికి దిబ్బలు తెల్లటి రంగు వదిలి ఎర్రబడుతుంటే, కంచె అవతల ఒంటెను మొదట చూసినవాళ్ళకు మొదటి వడియం అని మాకొక ఆట. ఆ ఊళ్ళో జూ ఉంది, ఖర్జూరపు తోటల్లో చల్లగా పారే సన్నటి కాలవలున్నాయి, కొండ కింద పచ్చిక మీద ఆవిరి కక్కుతూ పారే వేడినీళ్ళ వాగు ఉంది, దాంట్లో కాళ్ళు పెట్టుకుని వరసగా కూర్చున్న సంసారాలు ఎన్ని దేశాలవో చెప్పలేం.

మా అమ్మకు వీటిలో దేన్ని చూసినా అనుమానమే. జ్యూస్ సీసా మూత టక్కుమనకపోతే అది ఎవరో తాగి పెట్టిందే. కదలకుండా పడుకున్న సింహానికి ఏదో మందు పెట్టి ఉంటారు. వాగు నీళ్ళు వాటంతటవే వేడెక్కాయంటే ససేమిరా నమ్మేది కాదు, "కింద యాడో హీటరు పెట్టుంటారు, వీళ్ళకేం తక్కువ" అనేది. ఏదైనా నోట్లో పెట్టుకునే ముందు ముక్కు దగ్గరికి తీసుకుని, కళ్ళు సగం మూసి వాసన చూసేది. అలాంటి మనిషికి, చుట్టుపక్కలవాళ్ళంతా సముద్రం ఒడ్డుకీ షాపింగ్ మాళ్ళకీ పోతుంటే మేము మాత్రం అంత దూరం ఎందుకు పోతున్నామన్న అనుమానం రాకుండా ఉంటుందా?

"దుబాయ్‌లో లేనిది ఏందండీ ఆడ?" అని అడిగేది.

"గాలి బాగుంటుంది" అనేవాడు నాన్న, రోడ్డు మీదనుంచి చూపు తిప్పకుండా.

గాలి బాగున్న ఆ ఊళ్ళో మా నాన్న మాయమయ్యేవాడు. జిరాఫీల దగ్గర మమ్మల్ని నీడలో కూర్చోబెట్టి, నా చేతిలో పాప్‌కార్న్ పెట్టి, కారులో ఏదో మర్చిపోయాననో, టైరులో గాలి చూపించుకొస్తాననో వెళ్ళేవాడు. పాప్‌కార్న్ అయిపోయేది, జిరాఫీలు మమ్మల్ని చూసి విసుగెత్తి అవతలికి వెళ్ళిపోయేవి, అప్పటికి వచ్చేవాడు, తెచ్చిందేమీ ఉండేది కాదు. వచ్చాక ఎక్కువ మాట్లాడేవాడు, నన్ను భుజాల మీద ఎక్కించుకునేవాడు, అడక్కుండానే ఐస్‌క్రీం కొనేవాడు. ఆ ఐస్‌క్రీం తింటూ నేను ఆయన ముఖంలోకి చూసేదాన్ని. వెళ్ళే రోజున ఇస్త్రీ చొక్కా ఎందుకు? జూకి పోతూ గడ్డం ఎందుకు గీసుకుంటాడు? అమ్మ నాకు నేర్పింది ఈ చూపే.

ఒకసారి అమ్మ నా చెవిలో చెప్పింది. "నాన్న యాడికి పొయినా నువ్వు కూడా పో. చెయ్యి వదలబాకు." నేను వదల్లేదు. పార్కింగ్ దాకా ఆయన వెంట నడిచాను. నాన్న కారు తలుపు తీశాడు, మూశాడు, ఏమీ తీసుకోలేదు. గేటు అవతల రోడ్డువైపు చాలాసేపు చూసి "పద పాపా, అమ్మ ఒక్కతే ఉంది" అన్నాడు. ఆ రోజు ఐస్‌క్రీం లేదు.

ఆ తర్వాతి వారం వాగు దగ్గర జరిగింది అసలు సంగతి. ఫోను సిగ్నలు లేదని కొండవైపు వెళ్ళిన నాన్న, మేము దుప్పటి పరిచి ప్లేట్లు పెట్టేసరికి వచ్చి, ఆకలి లేదన్నాడు. అమ్మ ప్లేటు అందిస్తున్నట్టే ఆయన కుడిచెయ్యి పట్టుకుని, ముక్కు దగ్గరికి తీసుకుంది. కళ్ళు సగం మూసుకుంది. సబ్బుతో కడుక్కున్న చేతికి కూడా ఆ వాసన పోలేదేమో. మామిడికాయ వేసిన చేపల పులుసు. అది మా జిల్లా వంట, హోటల్లో దొరికేది కాదు, ఎవరో ఇంట్లో ఆయన కోసం వండి, దగ్గర కూర్చుని పెడితే తిన్నది. అమ్మ చెయ్యి వదిలేసి పులిహోర నాకొక్కదానికే వడ్డించింది.

ఇంటికొచ్చాక ఆమె నా మంచం మీదికి మారింది. బాత్రూంలో పంపు తిప్పి వదిలేసి, చాలాసేపు బయటికి వచ్చేది కాదు. శుక్రవారం సాయంత్రాల్లో నెల్లూరు నుంచి నాయనమ్మ ఫోను చేస్తే మాత్రం గొంతు సర్దుకుని "అల్ ఐన్ పొయినాం అత్తా, పాప బాగా ఆడుకునింది" అనేది. మా క్లాసులో ఒక అమ్మాయి వాళ్ళమ్మ సెలవులకని ఇండియాకు పోయి మళ్ళీ రాలేదు. వాళ్ళ నాన్నకు వేరే ఎవరో ఉన్నారని పిల్లలు గుసగుసలాడుకునేవాళ్ళు. అల్మరా పైనున్న సూట్‌కేసులు ఉన్నచోటే ఉన్నాయా లేదా అని నేను బడినుంచి రాగానే చూసుకునేదాన్ని.

మళ్ళీ శుక్రవారం వచ్చింది. అమ్మ వంట చెయ్యలేదు. పట్టుచీర కట్టుకుని కారులో కూర్చుంది. నాన్న జూ గేటు ముందు ఆపితే దిగలేదు.

"జూ వద్దు. మీరు చేపల పులుసు తిన్న ఇంటికి పోనీండి."

నాన్న స్టీరింగ్ మీద తల వాల్చాడు. ఏడుస్తున్నాడేమో అనుకున్నాను. కాసేపటికి తలెత్తి, కారు తిప్పాడు.

ఖర్జూరపు తోటల వెనక ఒక పాత ఇల్లు, దాన్ని గోడలు కట్టి నాలుగైదు సంసారాలకు పంచినట్టున్నారు. నీలం రంగు ఇనుప తలుపు కొడితే ఒకామె తీసింది. నల్లటి స్కార్ఫ్, పిండి అంటిన చేతులు, ముఖం మాత్రం అచ్చు మా నాన్నది. అదే ముక్కు, కుడివైపు కొంచెం వంగిన అదే పెదవి. మా నాన్నకే జడ వేసినట్టుంది. అమ్మ ఆమెను పైనుంచి కిందిదాకా చూసింది, మళ్ళీ నాన్నను చూసింది, గడప మీదే కూలబడినట్టు కూర్చుంది.

"నువ్వు వసంతవా?"

"అవును వదినా" అంది ఆమె.

వసంతత్త నాన్న చెల్లెలు. అమ్మ నెల్లూరులో నాయనమ్మ ఇంటికి కోడలిగా రాకముందే, అదే వీధిలో ఏసీలు బాగుచేసే ఖాదర్ మామను పెళ్ళి చేసుకుని గల్ఫుకు వెళ్ళిపోయిందట. గోడల మీద ఆమె ఫోటోలు తీసేశారు. దాని గడప తొక్కనని నాయనమ్మ నాన్నచేత ఒట్టు వేయించుకుందట. అమ్మ ఆ పేరు పెళ్ళయిన కొత్తలో ఒక్కసారి విన్నది, మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. నాకైతే మేనత్త ఉందనే తెలియదు.

అమ్మ కళ్ళు తుడుచుకుని నాన్న వైపు తిరిగింది. "నేనేమనుకున్నానో తెలుసా మీకు? నాకు చెప్తే మీ అమ్మకు మోస్తాననుకున్నారా?"

"అది కాదు పద్మా" అన్నాడు నాన్న. "వారం వారం మా అమ్మ ఫోను చేసేది నీకు. ఆమెతో అబద్ధమాడమని నిన్నెట్ట అడిగేది?"

అమ్మ వంటింట్లోకి వెళ్ళి గిన్నె మూత తీసి, వాసన చూసి, "మెంతులు మా అత్త వేసినట్టే వేస్తావే" అంది. వసంతత్త పిండి చేతులతోనే అమ్మ మెడ చుట్టూ వాలిపోయింది. పట్టుచీర పాడైంది.

అక్కణ్ణుంచి మా అమ్మంత గొప్పగా అబద్ధాలాడిన మనిషిని నేను చూడలేదు. శుక్రవారాలన్నీ ఆ నీలం తలుపు వెనకే గడిచేవి. అత్త రంజానుకు సేమ్యాలు చేస్తే మేము తినేవాళ్ళం, ఉగాదికి అమ్మ పచ్చడి తీసుకుపోతే ఖాదర్ మామ వేపపువ్వు పక్కకు తీసి దొంగచాటుగా నా గిన్నెలో వేసేవాడు, మధ్యాహ్నం పూట ఆయన పాత ఏసీ డబ్బాల మీద గీతలు గీసి నాతో పులీ మేకా ఆడేవాడు. సాయంత్రం ఫోనులో అమ్మ "జూకే అత్తా" అనేది. నేను ఫోను తీసుకుని, చూడని ఏనుగులు, చూడని పులులు, వాటి పిల్లలు, అవి పాలు తాగిన తీరు వర్ణించేదాన్ని. నాయనమ్మ అవతల "ఊఁ" కొట్టేది. ఆ "ఊఁ" రానురానూ పొట్టిదైపోతోందని అమ్మకు అనుమానం. ఫోను పెట్టేశాక "ఆమెకు తెలిసిందేమో" అని గోరు కొరుక్కునేది.

నేను ఆరో తరగతిలో ఉండగా నాయనమ్మ విజిట్ వీసా మీద వచ్చింది. వచ్చిన మర్నాటినుంచి ఒకటే పట్టు, పాప చెప్పే జూ చూడాలని. అమ్మా నాన్నా ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఆ శుక్రవారం నాన్న చెప్పులు తప్పు కాళ్ళకు వేసుకున్నాడు. జూలో నాయనమ్మ దేనిముందూ ఆగలేదు, సింహాన్ని చూసి "ఊఁ" అంది, జిరాఫీని చూసి "ఊఁ" అంది, చివరికి ఒక బెంచీ మీద చతికిలబడి చేతికర్ర ఒళ్ళో పెట్టుకుంది.

"ఇంక పిలువురా దాన్ని" అంది నాన్నతో. "ఈ జంతువుల్ని చూసేదానికా నేను విమానమెక్కింది?"

అమ్మే ఫోను చేసింది.

వసంతత్త పార్కింగ్ వైపునుంచి దాదాపు పరిగెత్తుకుంటూ వచ్చి, బెంచీకి కొంచెం దూరంలో ఆగిపోయింది. నాయనమ్మ లేవలేదు. చూస్తూ ఉంది, అమ్మ చూసినట్టే, పైనుంచి కిందిదాకా. అత్త దగ్గరికి వచ్చి నేలమీద కూర్చుంటే, ఆమె మణికట్టు పట్టుకుని, వేళ్ళతో దాని చుట్టుకొలత చూసింది.

"తింటన్నావా లేదా మే?" అంది. అంతే అడిగింది.

అత్త ఏడుపు చూసి పక్కన ఎవరో అరబ్బు పిల్లలు బెలూన్లు పట్టుకుని నిలబడిపోయారు. నాన్న వాళ్ళందరికీ ఐస్‌క్రీం కొన్నాడు.

ఆ తర్వాత నాలుగైదేళ్ళకే నాన్న కంపెనీ పనులు తగ్గి మేము తిరిగి వచ్చేశాం. నాయనమ్మ ఇప్పుడు లేదు. చివరి రోజుల్లో నెల్లూరు వచ్చి ఆమె పక్కన కూర్చుని అన్నం కలిపి పెట్టింది వసంతత్తే. తోటల వెనకున్న ఆ పాత ఇల్లు పడగొట్టారట. అత్తావాళ్ళు తూర్పు తీరంలోని కల్బాకు మారిపోయారు, ఖాదర్ మామ అక్కడ సొంతంగా చిన్న షాపు పెట్టుకున్నాడు. శుక్రవారం సెలవు కూడా పోయి, ఇప్పుడక్కడ శని ఆదివారాలేనట. అత్త వీడియో కాల్‌లో అందరి ముందూ హాయిగా మాట్లాడుతుంది, ఎవరూ గొంతు తగ్గించరు. ఆ ఇంటిని మా పిల్లలకు చూపిద్దామని పోయిన నెల పాత ఫోటోలన్నీ వెతికాను. నీలం తలుపు లేదు, ఆ వంటిల్లు లేదు, పిండి చేతుల అత్త లేదు. ఎవరి కంటా పడకూడదని ఆ ఇంట్లో మేము ఒక్క ఫోటో కూడా తీసుకోలేదు. ఉన్నవన్నీ నాయనమ్మకు పంపడానికి జూ గేటు దగ్గర దిగి గబగబా తీసుకున్నవి. వాటిలో అమ్మా నేనూ ఎండకు కళ్ళు చిట్లించి, ఎప్పుడెప్పుడు అక్కణ్ణుంచి బయటపడదామా అన్నట్టు నిలబడి ఉన్నాం.