పేరు పక్కన ఖాళీ

నాచారంలో నేను పనిచేసే ఫ్యాక్టరీలో కంప్యూటర్ సిస్టమ్ నాకంటే సీనియర్. దాని హాజరు ఫైలులో ఒక్కో మనిషికి ఒక్కో వరుస. మధ్యలో కామాలూ గీతలూ ఉండవు. ఎన్నో అక్షరం నుంచి ఎన్నో అక్షరం దాకా ఏముండాలో ముందే ఖాయం. పేరుకు ఇరవై స్థానాలు. ఇరవై ఒకటో అక్షరం ఎంత ముద్దుగా ఉన్నా బయటే.

మనవాళ్లకు ఇంటిపేరు ముందు. ప్యాకింగ్‌లో పనిచేసే ఒకావిడకు అత్తగారి ఇంటిపేరే ఆ చోటంతా తినేసింది. ఈమధ్య కొత్త గుర్తింపు కార్డులు ఇచ్చినరోజు, ఇంటికెళ్లే బస్సు వదులుకుని మరీ నా బల్ల దగ్గరికి వచ్చింది.

"సార్, కార్డు మీద మా అత్తగారోళ్ల పేరే ఉన్నది. నా పేరేది?"

నవ్వొచ్చింది, జాలీ వేసింది. మహా తెలివిగలవాణ్ని కదా, ఫైలు తెరిచాను. పేరు పక్కన ఖాళీ కనిపించింది. పక్క ప్లాటు ఖాళీగా ఉంటే గోడ జరిపేసే మా ఉప్పల్ కాలనీవాళ్లలా, మిగిలిన అక్షరాలను అందులోకి తోసేశాను. కార్డు మీద పేరుకు చోటు పెంచాను. పేరు నిండుగా వచ్చింది. ఆమె కార్డును కొంగుతో తుడిచి మెడలో వేసుకుంది.

ఆ ఖాళీ దేనికోసమో నేను చూడలేదు. చెప్పకుండా పని ఎగ్గొట్టినవాళ్లకు గుర్తు పెట్టే చోటది. అక్కడ ఏ అక్షరం పడినా నాగా కిందే లెక్క. నాగా ఉన్నవాళ్లను పర్మనెంట్ చెయ్యరు. ఈసారి పర్మనెంట్ అయ్యేవాళ్ల జాబితాలో ఆమె లేదు. నాకు సంగతి అర్థమయ్యేసరికి సంతకాలైపోయాయి. వచ్చే ఏడు చూద్దామన్నాడు మేనేజర్. ఎందుకిలా అయిందని అడిగితే "సిస్టమ్ పాతది సార్" అన్నాను. ఆ మాట అనడానికి నాకు నోరెలా వచ్చిందో.

మర్నాడు ఆమే వచ్చింది. ఎవరినీ పల్లెత్తు మాట అనలేదు.

"మా అమ్మను దవాఖానాకు తోల్కపోయేటందుకు లీవు పెట్టిన సార్. అడిగే పెట్టిన. గదే కొంప ముంచింది. పోకుంటే పర్మనెంట్ అయితుంటి."

కన్నతల్లిని దవాఖానాకు తీసుకెళ్లినందుకు ఆమె తనను తాను తిట్టుకుంటుంటే, నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. చెప్పేశాను. తప్పు నాదేననీ, పేరు పొడిగించబోయి ఆమెను నాగా కింద పడేసింది నేనేననీ, మేనేజర్‌కు కూడా ఇప్పుడే వెళ్లి చెబుతాననీ. తిడుతుందనుకున్నాను. తిట్టినా బాగుండేది.

ఆమె మెడలోంచి కార్డు తీసి నా బల్ల మీద పెట్టింది.

"అయితే నా పేరు తీసెయ్యున్రి సార్. వాళ్ల పేరొక్కటే ఉండనియ్యున్రి."