బావ కారు వెనక నల్ల పట్టీ

మా బావ తన కారు ఎవరికీ ఇవ్వడు. నాకిచ్చాడంటే అది మా అప్ప చలవే. అప్ప అంటే మా అక్క. తమ్ముడి చేతిలో కారుకి గీత పడితే తనను అడగమని మొగుడికీ అత్తగారికీ పూచీ పడింది.

ఆ మర్నాడే కోటబొమ్మాళిలో, మా అత్తవారి వీధిలో కారు వెనక్కి తీస్తూ వడ్ల బస్తాల ట్రాక్టరుకి తగిలించాను. వెనక బంపరు కింద ఉండే నల్ల ప్లాస్టిక్ పట్టీ జానెడు మేర చీలింది. కారు సంగతి సరే, ఆ ఇంట్లో అప్ప ఎన్నేళ్లు మాట పడాలో అనే నా భయం. వాళ్ల అత్తగారు ఏదీ మరిచిపోయే మనిషి కాదు.

బుర్రున్నవాడైతే నేరుగా షెడ్డుకి వెళ్తాడు. నేను కొబ్బరినూనె అడిగాను. స్కూటరు మడ్‌గార్డు తెల్లబడితే మా ఇళ్లలో చేసే వైద్యం అదే, రాస్తే నల్లగా నిగనిగలాడుతుంది. చీలిక కనబడదని దట్టంగా పట్టించాను. మా ఆవిడ చూసి, "జడ కూడా ఎయ్యండి దానికి" అంది.

చీలిక కనబడుతూనే ఉంది. కారు తిరిగివ్వడానికి వెళ్లే దారిలో, విజయనగరం పొలిమేరలో ప్లాస్టిక్ పని తెలిసిన పెయింటరు ఒకాయన ఉన్నాడంటే అక్కడికి తీసుకెళ్లాను. సాయంత్రంలోగా కారు అప్పగించాలి. పట్టీ విప్పాలని ఆయన అంటే, అంత టైము లేదు, పైపైన రంగు కొట్టెయ్యమని తొందర పెట్టాను. కొట్టాడు. రంగు అంటుకోలేదు, చేమాకు మీద నీళ్లలా బొట్లు బొట్లుగా విడిపోయింది.

ఆయన వేలితో రుద్ది వాసన చూశాడు. "ఏటి బావూ, దీనికి నూనె రాసినావా?"

ఒప్పుకున్నాను.

"నూనె తాగినదాని మీద రంగు నిలుస్తాదా? సదువుకున్నోడివే గదా!"

ఆయన మరలు విప్పి పట్టీ ఊడదీశాడు. సబ్బుపొడి వేసిన వేణ్ణీళ్లతో కడగబోతూ, వెనక్కి తిప్పి ఆగిపోయాడు. లోపలివైపు, సరిగ్గా చీలిక ఉన్నచోటే, తీగముక్కలు వేడిచేసి ప్లాస్టిక్‌లోకి గుచ్చి అతికిన పాత అతుకు ఉంది. ఒకసారి దాన్ని, ఒకసారి కారు నంబరునీ చూశాడు.

"ఇది నా సేతి పనే. పోయినేడు ఈ కారాయనే గోడకి గుద్దీసి తెచ్చినాడు. ఇంట్లో ఆడోళ్లకి తెలీకూడదన్నాడు."

పక్కనున్న టైర్ల మీద కూలబడి కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వాను. పొద్దుటినుంచి గుండెల మీదున్న బరువంతా ఆ నవ్వులో పోయింది. ఆయన మాత్రం తాపీగా కడిగి, ఎమిరీ పేపరుతో రుద్ది, అతుకు మళ్లీ కరిగించి, ప్రైమరు వేసి ఎండలో పెట్టాడు. ఈసారి రంగు చక్కగా పట్టింది. ఎలాగూ వచ్చాను కదా అని కారంతా కడిగించాను.

సాయంత్రం తాళాలు ఇస్తుంటే బావ వంగి ఆ పట్టీ మీద వేలు రాశాడు.

"ఎవుల సేత సేయించినావు?" అన్నాడు గొంతు తగ్గించి.

షెడ్డు ఎక్కడో చెప్పాను. బావ ముఖం ఒక్క క్షణం పాలిపోయింది.

"మీ అప్పకి సెప్పీకురా."

"నువ్వూ సెప్పకు బావా."

ఈలోగా అప్ప, వాళ్ల అత్తగారు బయటికొచ్చారు. పెద్దావిడ కారు చుట్టూ ఒక ప్రదక్షిణ చేసింది. ఆవిడ అప్ప వైపు తిరిగింది.

"సూడే, మీ తమ్ముడు కడిగించి మరీ తెచ్చినాడు. నా కొడుకు ఏనాడైనా కడిగినాడా?"

అప్ప కొంగు సర్దుకుని నిటారుగా నిలబడింది. అత్తగారి ముందు అప్పని అలా చూడటం నాకు అదే మొదటిసారి.