నా వేళ్ళకు పని చెప్పిన చీకటి రాజ్యం

కుట్టు మిషను పెడలు మీద కాలు పెట్టాను. కాలికి ఏమీ తగిలినట్టు లేదు. వంగి చూస్తే పాదం పెడలు మీదే ఉంది. తిమ్మిరి పట్టిందిలే అనుకుని కాళ్ళు విదిలించి, చేతిలో ఉన్న జాకెట్టు పూర్తి చేసి లేచాను.

నా పేరు రూతు. వయసు యాభై మూడు. గూడూరు దగ్గర కోట అనే ఊళ్ళో ఆడవాళ్ళ జాకెట్లు కుడతాను. మా ఆయన పోయి ఆరేళ్ళయింది. ఇంట్లో నేను, మా అబ్బాయి సునీల్, కోడలు స్వాతి. సునీల్ రొయ్యల చెరువుల దగ్గర మోటార్లు చూసే పని చేస్తాడు. స్వాతి ఇంట్లోనే కంప్యూటర్ ముందు కూర్చుని ఆఫీసు పని చేస్తుంది.

తిమ్మిరికి వారం ముందు నాకు రెండు రోజులు విరేచనాలయ్యాయి. తగ్గిపోయాయి కదా అని మర్చిపోయాను. దానికీ దీనికీ సంబంధం ఉంటుందని నాకెట్లా తెలుస్తుంది? రెండో రోజు తిమ్మిరి మోకాళ్ళకు వచ్చింది. మూడో రోజు స్నానం చేసి బయటికి వస్తూ గడప దాటలేక కూలబడ్డాను. లేద్దామని చేతులు నేలకు ఆనించాను. చేతుల్లోనూ బలం లేదు.

స్వాతి పరుగెత్తుకుంటూ వచ్చి చంకల కింద చేతులేసి లేపింది. నిజం చెప్పాలంటే, ఆ పిల్ల నన్ను తాకడం అదే మొదటిసారి.

స్వాతిది చిట్టమూరు పక్క పల్లె. వరి సేద్యం చేసే హిందువుల ఇల్లు. వాళ్ళిద్దరూ ఇష్టపడి పెళ్ళి చేసుకున్నారు. నేను అడ్డు చెప్పలేదు, అట్లాగని దగ్గరికీ తీసుకోలేదు. "అన్నం తిన్నావా", "తలుపేసుకో" తప్ప ఏడాదిగా మా మధ్య మాటల్లేవు. ఆదివారం నేను చర్చి నుంచి వచ్చేసరికి ఆ పిల్ల టీవీకి ఏదో పెట్టె తగిలించి, కత్తులు పట్టుకున్న బొమ్మలతో ఆట ఆడుతూ కనిపించేది. పెళ్ళైన పిల్లకు ఇవేం ఆటలని లోపల్లోపలే గొణుక్కునేదాన్ని.

గూడూరులో డాక్టరు గారు చిన్న సుత్తితో మోకాలి మీద కొట్టారు. కాలు కదల్లేదు. "రిఫ్లెక్స్ లేదమ్మా. ఇక్కడ ఆగొద్దు, ఇటునుంచి ఇటే నెల్లూరు పోండి," అన్నారు.

నెల్లూరులో నర్వ్ కండక్షన్ టెస్ట్ చేశారు, వెన్నులోంచి నీరు తీశారు. అక్కడి డాక్టరు గారు మంచం పక్కన స్టూలు లాక్కుని కూర్చుని చెప్పారు. "దీన్ని జీబీఎస్ అంటారమ్మా. రోగాలతో పోరాడే మీ ఒంటి బలమే పొరపాటున మీ నరాల మీద పడింది. కింద నుంచి పైకి పాకుతుంది. చాలామంది కోలుకుంటారు. కానీ టైము పడుతుంది, ఓపిక కావాలి."

ఒక్క గుక్కలో ఎంతదాకా లెక్కపెట్టగలనో చూసేవారు. మొదటి రోజు ఇరవై ఎనిమిది దాకా వచ్చాను. మరుసటి రోజు పదకొండు దగ్గరే ఊపిరి అందలేదు. ఐసీయూకి మార్చి వెంటిలేటర్ పెట్టారు. ఇమ్యునోగ్లోబులిన్ అనే మందు ఐదు రోజులు ఎక్కించారు.

ఐసీయూలో నాకు తెలివి ఉంది. అన్నీ వినపడుతున్నాయి. ముక్కు మీద దురద పుడితే గోక్కోవడానికి వేలు లేవదు, చెప్పడానికి నోరు లేదు. పొద్దున పది నిమిషాలు, సాయంత్రం పది నిమిషాలు లోపలికి రానిచ్చేవారు. సునీల్ వస్తే ఏడ్చి వెళ్ళిపోయేవాడు. స్వాతి ఏడ్చేది కాదు. కానీ ఏం మాట్లాడాలో ఆ పిల్లకూ తెలీదు. ఏడాదిగా మాటల్లేని అత్తతో ఏం మాట్లాడుతుంది? రెండో రోజు గొంతు సవరించుకుని మొదలుపెట్టింది.

"అత్తా, నేను ఆడే ఆట ఉండాది గదా, దాని కత చెప్తా. ఒక రాజ్యం. రాజు చచ్చిపోయినాడు, సూర్యుడు కూడా సగమే వస్తాడు. ఊళ్ళన్నీ పాడుబడి ఉండాయి. నాకొక గుర్రం ఉంది. యాడికి పోవాలో ఎవురూ చెప్పరు. నేనే చూసుకుని పోవాల."

కళ్ళు ఆర్పాను. అది ఒక్కటే నాకు చేతనైంది. మర్నాడు నీట మునిగిన ఊరి గురించి చెప్పింది. ఆ తర్వాత, ఎముకల మనుషులు కాపలా కాసే గంట గోపురం. ఎక్కడ ఎంత భయమేసిందో, ఎన్నిసార్లు చచ్చిందో దాచుకోకుండా చెప్పేది. చచ్చిన ప్రతిసారీ కిందటిసారి తను వెలిగించిన దీపం దగ్గరే లేస్తుందట. తొమ్మిది రోజులు ట్యూబుతో ఉన్నాను. ప్రార్థన చేసుకునేదాన్ని, ఆ కత కోసం ఎదురుచూసేదాన్ని.

వాకర్ పట్టుకుని నాలుగడుగులు వేసే స్థితిలో ఇంటికి పంపారు. కాళ్ళు నెమ్మదిగా మాట వింటున్నాయి. చేతులు వినడం లేదు. ఫిజియోథెరపీకి వచ్చే అమ్మాయి స్పాంజి బంతి పిసకమనేది, గిన్నెలోంచి బొబ్బర్లు ఒక్కొక్కటే ఏరమనేది. నాలుగు గింజలు ఏరి, ఐదోది జారిపోతే గిన్నె తోసేసేదాన్ని. సూదిలో దారం ఎక్కించలేని టైలరు ఎందుకు? రెండు రోజులు బంతి ముట్టుకోలేదు.

మూడో రోజు నేనే అడిగాను. "ఆ రిమోట్ ఇటియ్యి మే."

"టీవీదా అత్తా?"

"కాదు. నీ గుర్రానిది."

స్వాతి నవ్వలేదు. "దానికి పది వేళ్ళూ కావాలత్తా," అంది.

"అందుకేగదా అడిగేది."

ఫిజియో అమ్మాయి ఆ కంట్రోలర్ తీసుకుని ఒక్కో బొత్తాం నొక్కి చూసింది. "బొటనవేళ్ళకు, చూపుడు వేళ్ళకు మంచి పని. ఇరవై నిమిషాలు చెయ్యండి, తర్వాత కచ్చితంగా రెస్ట్. వేళ్ళు వణికితే అప్పుడే ఆపెయ్యాలి," అంది.

మొదటి రోజు నా మనిషిని గోడకేసి నడిపించాను. ఇరవై నిమిషాలూ గోడకేసే. రెండో రోజు గోడ దాటి బయటికి వచ్చాను. బూడిద రంగు కొండలు, వాటి మీద వాలిన మబ్బు, దూరంగా విరిగిన వంతెన. నెలన్నరగా ఆసుపత్రి పైకప్పు, పడక గది పైకప్పు తప్ప చూడని కళ్ళు నావి. ఆగి అట్లాగే చూస్తూ కూర్చున్నాను. ఎంతసేపు చూసినా ఆ ఆట నన్ను తొందరపెట్టలేదు.

టైలరును కదా, బట్టలు చూస్తాను. ఒకరోజు స్వాతి ఆడుతుంటే, ఆ రాజ్యంలో చచ్చిపడి ఉన్న ఒక వీరుడి అంగీ దగ్గర ఆపమన్నాను. అంచుకి దారం పని ఉంది. పాతబడి, దారాలు అక్కడక్కడా తెగి, తెగిన చోట గుడ్డ పీకినట్టు ముడత పడి ఉంది. గాలికి ఊగుతుంటే ఆ వాలు చూసి, గుడ్డను ఐమూలగా కత్తిరించే క్రాస్ కటింగ్ అని గుర్తుపట్టాను. "ఇది గీసినోళ్ళకి గుడ్డ తెలుసు మే," అన్నాను. స్వాతి ఇన్నేళ్ళూ ఆ అంగీ పక్కనుంచే పోయిందట, ఒక్కసారీ చూడలేదట.

ఇంటికొచ్చిన మూడో వారం వేళ్ళు మళ్ళీ పట్టు తప్పాయి. పొద్దున టీ గ్లాసు జారిపోయింది. మళ్ళీ నెల్లూరు. "కొంతమందికి ఇట్లా వెనక్కి వస్తుందమ్మా, భయపడొద్దు, మీ తప్పు కాదు," అన్నారు డాక్టరు గారు. మళ్ళీ ఐదు రోజులు మందు ఎక్కించారు. ఇంటికి వచ్చాక స్వాతి టీవీ పెట్టింది. నా మనిషి నేను వదిలిన చోటే, దీపం పక్కన మోకాళ్ళు ముడుచుకుని కూర్చుని ఉంది. గుర్రం గడ్డి మేస్తోంది. అప్పుడు ఏడ్చాను. జబ్బు వచ్చాక గట్టిగా ఏడ్చింది అదే.

ఆ విరిగిన వంతెన మీద ఒక వీరుడుంటాడు. ఇనుప కవచం, ఇంత పొడుగు ఈటె. నన్ను ఎన్నిసార్లు చంపాడో లెక్కలేదు. ఒకరోజు విసుగొచ్చి కంట్రోలర్ స్వాతి ఒళ్ళో పడేశాను.

"నువ్వే చంపెయ్యి మే. నా వల్ల కాదు."

"చంపను."

"నీకొచ్చు గదా!"

"నాకొచ్చు. నేను చంపితే నువ్వు దాటినట్టు కాదు గదత్తా," అని కంట్రోలర్ తెచ్చి మళ్ళీ నా చేతుల్లో పెట్టి, జారుతున్న ఎడమ బొటనవేలిని సరిచేసి, పక్కన కూర్చుంది. కోపమొచ్చింది. కానీ ఆ రోజు మరో పది నిమిషాలు ఆడాను.

ఒకసారి మా పాస్టరమ్మ, అంటే పాస్టరు గారి భార్య, నన్ను చూడ్డానికి వచ్చారు. తెర మీద ఎముకల మనిషి. ఆమె గుమ్మంలోనే ఆగిపోయారు. "ఇదేంది రూతమ్మా, ఇంట్లో దయ్యాలు?"

స్వాతి గబగబా ఆపెయ్యబోయింది. నేను వద్దన్నాను. "దయ్యాలను నరికేది నేనే పాస్టరమ్మా. చూడండి, ఈ వేలు లేస్తోంది," అని చూపుడు వేలు ఎత్తి చూపించాను. ఆమె వచ్చి ఆ వేలు పట్టుకున్నారు. ప్రార్థన చేశారు. కాఫీ తాగుతూ కాసేపు చూశారు. ఉన్నట్టుండి, "ఎడం పక్క! ఎడం పక్కనుంచి ఇంకొకడు వస్తుండాడు!" అని అరిచారు. స్వాతి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

వంతెన వీరుణ్ణి నేను చంపలేదు. ఒక మధ్యాహ్నం అతనితో విసిగి, వంతెన కింద బురద కనపడితే గుర్రాన్ని అటు దించాను. గుర్రం ములిగిపోతుందనుకున్నాను, ములగలేదు. రెల్లు గడ్డిలో మెల్లగా పోతూ పోతూ ఉంటే బురద తగ్గి ఇసుక వచ్చింది. ఇసుక తర్వాత సముద్రం. నల్ల నీళ్ళు, ఒడ్డున బోర్లాపడిన పడవలు, ఒక ఆరిన దీపం. దీపం వెలిగించాను. వెనక్కి తిరిగి చూస్తే వంతెన నా వెనక ఉంది.

స్వాతి లేచి నిలబడింది. "అత్తా, నాలుగేళ్ళుగా ఆడుతుండా. ఈ దారి నాకే తెల్దు!"

సాయంత్రం సునీల్ వచ్చేసరికి ఇద్దరం ఒకేసారి చెప్పబోయాం. వాడికి ఒక్క ముక్క అర్థం కాలేదు. మమ్మల్నిద్దరినీ మార్చి మార్చి చూసి, చెప్పులు కూడా విప్పకుండా గుమ్మంలోనే కూర్చుండిపోయాడు.

ఆటే నా జబ్బు నయం చేసిందని నేను చెప్పను. మందు చేసింది, ఫిజియో చేసింది, దేవుడు చేశాడు. కానీ బంతి పిసకడానికి లేవని చెయ్యి ఆ సముద్రం చూడ్డానికి లేచింది. ఓడిపోయినందుకు ఆ ఆట నన్ను ఎగతాళి చెయ్యలేదు. అయ్యో పాపం అని తేలిక కూడా చెయ్యలేదు. ఆ రోజుల్లో నన్ను చూసి జాలిపడనిది అదొక్కటే. అట్లాంటి రాజ్యాన్ని కూర్చుని అల్లినవాళ్ళెవరో నాకు తెలీదు. వాళ్ళ చేతులు చల్లగుండాలి.

ఇప్పటికి ఏడాదిన్నర. కర్ర లేకుండా నడుస్తాను. కుడి చెయ్యి బాగానే ఉంది. ఎడమ బొటనవేలి చివర ఇంకా మొద్దుబారే ఉంది, నరం ఇంకెంత వస్తుందో చెప్పలేమన్నారు. కాజాలు, హుక్స్ పని మానేశాను, పక్కింటి వసంత చేసిపెడుతుంది. మిషనుకు మోటారు పెట్టించాను. కటింగ్ మాత్రం నాదే. సాయంత్రం వంటకు ముందు అరగంట ఆట. టీవీ కోసం అత్తాకోడళ్ళం పోట్లాడుకుంటాం. వంతెన వీరుడు ఇంకా అక్కడే ఉన్నాడు, ఉండనీ.

రోగిని చూసుకునేవాళ్ళకు ఒక్క మాట. మీ మనిషికి అన్నం ముద్ద కలుపుకోవడం ఆలస్యం కావచ్చు, జాకెట్టు హుక్కు దొరక్కపోవచ్చు. మీకు చెయ్యి ఊరుకోదు. లాక్కుని మీరు చేసిపెట్టకండి. ఎంతసేపైనా పక్కనే కూర్చోండి. మీ చేతులు మీ ఒళ్ళోనే పెట్టుకోండి.